అరలో చోటు, పాఠకుడికి దారి: రంగనాథన్ పనితనం

విశ్వవిద్యాలయాల్లో జ్ఞానానికి కొదవ ఉండదు. కొదవంతా ఒకరి దగ్గరున్నది మరొకరికి చేరడంలోనే. ఒక శాఖలో ఎవరో ఏళ్ళ తరబడి శ్రమపడి తేల్చిన సంగతి, పక్క భవనంలో అదే విషయం కోసం తంటాలు పడుతున్న విద్యార్థికి తెలియకుండానే ఉండిపోతుంది. పుస్తకం కొంటారు, ముద్ర వేస్తారు, రిజిస్టరులోకి ఎక్కిస్తారు, బీరువాలో పెడతారు. లెక్క సరిపోతుంది, ఆడిట్ అయిపోతుంది. ఆ పుస్తకం కావలసినవాడికి మాత్రం అది అక్కడ ఉన్నట్టే తెలియదు. ఈ ఒక్క సమస్యను పట్టుకుని, దాని పరిష్కారం కోసం జీవితమంతా వెచ్చించిన మనిషి శియాలి రామామృత రంగనాథన్.

లైబ్రరీ సైన్సు చదివినవాళ్ళకు ఆయన పేరు కంఠతా వచ్చు. ఐదు సూత్రాలు, కోలన్ వర్గీకరణ, ఆగస్టు 12న గ్రంథపాలకుల దినోత్సవం, గోడ మీద ఫొటో, దానికి దండ. చాలా కాలేజీల్లో ఆయన పరిచయం ఇంతటితో సరి. ఆయన తయారుచేసిన వస్తువును చేతిలోకి తీసుకుని, ఎక్కడ కోత పెట్టారు, ఎక్కడ అతుకు వేశారు, ఎందుకలా వేశారు అని చూస్తే అసలు మనిషి కనిపిస్తారు. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

లెక్కల మాస్టారికి లైబ్రరీ ఉద్యోగం

రంగనాథన్ 1892లో తంజావూరు జిల్లా శియాలిలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరిని శీర్గాళి అంటున్నారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితంలో ఎం.ఏ. చేసి, మంగళూరు, కోయంబత్తూరుల్లో, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పారు. మద్రాసు విశ్వవిద్యాలయం తన మొట్టమొదటి గ్రంథపాలకుడి కోసం ప్రకటన ఇస్తే దాదాపు 900 మంది దరఖాస్తు పెట్టుకున్నారట. ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్ళు వాళ్ళలో లేరు. రంగనాథన్‌కూ లేదు. 1924 జనవరిలో ఆ ఉద్యోగం ఆయనకు దక్కింది. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టలేదు. అది 1926లో వచ్చేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల కాలేజీలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందివే. అంటే ఆ గ్రంథాలయం అప్పట్లో మన పిల్లలది కూడా.

వారం తిరక్కుండానే ఆయనకు విసుగు పుట్టింది. మనుషులు రాని ఆ గదిలో ఊపిరాడలేదు. కాలేజీకి వెళ్ళి తన పాత పని ఇప్పించమని ప్రిన్సిపాల్‌ను బతిమాలుకున్నారు. ఎలాగూ శిక్షణ కోసం ఇంగ్లండు పంపుతున్నారు కదా, వెళ్ళిరా, వచ్చాక కూడా ఇదే మాట మీద ఉంటే అప్పుడు చూద్దాం అని ఆయన నచ్చజెప్పి పంపారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో డబ్ల్యూ. సి. బెర్విక్ సేయర్స్ దగ్గర వర్గీకరణ నేర్చుకున్నారు. సేయర్స్ క్రాయ్‌డన్ పట్టణ గ్రంథాలయానికి అధిపతి. అక్కడా, ఆ దేశంలో తిరిగి చూసిన వందకు పైగా గ్రంథాలయాల్లోనూ రంగనాథన్ రెండు విషయాలు గమనించారు. ఒకటి, కార్మికులు, గృహిణులు, పిల్లలు అందరూ పుస్తకాల కోసం వస్తున్నారు, గ్రంథాలయమంటే పండితుల గుడి అనుకోవడం లేదు. రెండు, ఇంత బాగా నడుస్తున్న చోట్ల కూడా పుస్తకాలను వరసపెట్టే పద్ధతిలో ఎక్కడో లోపముంది.

ఆ లోపం ఏమిటో లెక్కల మనిషికి తొందరగానే తెలిసింది. మెల్విల్ డ్యూయీ 1876లో అచ్చువేసిన దశాంశ వర్గీకరణ అప్పటికే చాలా దేశాల్లో వాడుకలో ఉంది. ప్రపంచంలోని విషయాలన్నిటికీ ముందే ఒక జాబితా రాసి, ఒక్కోదానికి ఒక్కో అంకె ఇవ్వడం ఆ పద్ధతి. జాబితాలో ఉన్న విషయమైతే చిక్కు లేదు. రెండు మూడు విషయాలు కలిసిన కొత్త పుస్తకం వస్తే, ఉన్న గళ్ళలో ఏదో ఒక దాంట్లోకి దాన్ని ఇరికించాలి. బ్రస్సెల్స్‌లో పాల్ ఓత్లే, హెన్రీ లా ఫాంటేన్ తయారుచేసిన సార్వత్రిక దశాంశ వర్గీకరణలో రెండు అంకెలను కోలన్ గుర్తుతో కలిపే వీలు ఉండేది. కానీ అక్కడ కూడా పునాది పాత జాబితాయే, కోలన్ పైన వేసిన అతుకు మాత్రమే.

1924 చివర్లో లండన్ సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో రంగనాథన్ మెకానో అనే ఆటవస్తువును చూశారు. రంధ్రాలున్న ఇనుప పట్టీలు, చక్రాలు, కడ్డీలు, బోల్టులు, నట్లు. అవే ముక్కలను ఒకలా బిగిస్తే క్రేను, ఇంకోలా బిగిస్తే బండి. బొమ్మలను తయారుచేసి అమ్మే బదులు ముక్కలను, బోల్టులను అమ్ముతున్నారు. విషయాల జాబితా బదులు విషయాల ముక్కల జాబితా ఇచ్చి, వాటిని బిగించే బోల్టులు ఇస్తే సరిపోతుందని ఆయనకు తట్టింది. బోల్టుగా కోలన్‌ను ఎంచుకున్నారు. 1925లో తిరుగు ప్రయాణం చేసిన ఓడలోనే చిత్తుప్రతి మొదలైంది. మద్రాసు విశ్వవిద్యాలయం పుస్తకాల మీద ఏళ్ళ తరబడి ప్రయోగించి చూశాక, 1933లో మద్రాసు గ్రంథాలయ సంఘం తరఫున ‘కోలన్ క్లాసిఫికేషన్’ అచ్చయింది.

ఒక సంఖ్యను విప్పి చూస్తే

లైబ్రరీ సైన్సు తరగతుల్లో తరచు చూపించే ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రేతో చికిత్స చేయడం మీద 1950ల దశకంలో భారతదేశంలో జరిగిన పరిశోధన ఆ పుస్తకం విషయం. రోమన్ అక్షరాలను తెలుగులో రాసుకుంటే దాని కోలన్ సంఖ్య ఇది: ఎల్,45;421:6;253:ఎఫ్.44'ఎన్5.

చూడగానే బెంబేలెత్తించే సంఖ్యే. విప్పితే వాక్యంలా ఉంటుంది. ‘ఎల్’ అంటే వైద్యం. కామా తర్వాతి 45 ఊపిరితిత్తులు. సెమీకోలన్ తర్వాతి 421 క్షయ. కోలన్ తర్వాతి 6 చికిత్స. మళ్ళీ సెమీకోలన్ పెట్టి 253, అంటే ఎక్స్‌రే. ఇంకో కోలన్, ‘ఎఫ్’, అంటే పరిశోధన. చుక్క తర్వాతి 44 భారతదేశం. పైకామా తర్వాతి ‘ఎన్5’ 1950ల దశకం. ఈ మొత్తం సంఖ్య ఏ జాబితాలోనూ ముందుగా రాసి లేదు. గ్రంథపాలకుడు పుస్తకం చదివి, విషయాన్ని ముక్కలుగా విడగొట్టి, ముక్కల పట్టికల్లోంచి అంకెలు తెచ్చి బిగించాడు. రేపు ఎముకల క్షయ మీద పుస్తకం వస్తే 45 తీసి ఎముకల అంకె పెడితే సరి. జపాన్‌లో జరిగిన పరిశోధన అయితే 44 ఒక్కటే మారుతుంది.

ఇక్కడ విరామచిహ్నాలు అలంకారం కోసం పెట్టినవి కావు, ఒక్కోదానికి ఒక్కో ఉద్యోగం ఉంది. మొదటి మూడు కూర్పుల్లో రంగనాథన్ కోలన్ ఒక్కదానితోనే నెట్టుకొచ్చారు. 1952లో వచ్చిన నాలుగో కూర్పులో విషయపు ముక్కలన్నిటినీ ఐదు మూల వర్గాల్లోకి తెచ్చారు: వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం. క్రమంగా ఒక్కో వర్గానికి ఒక్కో గుర్తు కుదిరింది. కామా కనబడితే తర్వాత వచ్చేది ఆ శాస్త్రానికి ముఖ్యమైన వస్తువు, కోలన్ కనబడితే ఆ వస్తువు మీద జరిగే పని, చుక్క కనబడితే చోటు. అంకెలు తెలియకపోయినా గుర్తులను చూసి విషయపు ఎముకల గూడు చెప్పేయవచ్చు.

ముక్కల వరసలో మరో సూక్ష్మం ఉంది. ఊపిరితిత్తులు ముందు, క్షయ తర్వాత, చికిత్స ఆ తర్వాత ఎందుకు? దీనికి ఆయన చెప్పిన సూత్రం పేరు గోడ-చిత్రం సూత్రం. గోడ లేనిదే బొమ్మ వేయలేం కాబట్టి గోడే ముందు. అవయవం లేనిదే రోగం లేదు, రోగం లేనిదే చికిత్స లేదు, చికిత్స లేనిదే దాని మీద పరిశోధన లేదు. ఏ రెండు ముక్కల మధ్య తగువు వచ్చినా ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే తీర్పు దొరుకుతుంది. నాగపూర్‌లో కూర్చున్న గ్రంథపాలకుడైనా, కాకినాడలో కూర్చున్నవాడైనా ఒకే పుస్తకానికి ఒకే సంఖ్య కట్టాలంటే ఇలాంటి సూత్రం కావాలి. అభిప్రాయం మీద ఆధారపడితే ఊరికో వరస తయారవుతుంది.

ఇక అరలోకి వెళ్ళాక ఈ గుర్తులకు తమలో తమకు పెద్దా చిన్నా ఉంది. పైకామా అందరికంటే ముందు, తర్వాత చుక్క, కోలన్, సెమీకోలన్, చివర కామా. దీని వల్ల వైద్యం అరలో మొదట వైద్యశాస్త్రం మొత్తానికి సంబంధించిన కాలం, దేశం పుస్తకాలు వస్తాయి, ఒక్కో అవయవానికి సంబంధించినవి తర్వాత వస్తాయి. సంఖ్య కట్టేటప్పుడు ముఖ్యమైన ముక్క ముందు, అరలో వరసపెట్టేటప్పుడు విశాలమైన విషయం ముందు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం తగలాల్సినవి. గుర్తులకు స్థాయి ఇవ్వడంతో రెండూ ఒకేసారి నెరవేరాయి. చూపు ఆగని చోట ఇంత ఆలోచన పెట్టడాన్నే పనితనం అంటాం.

గురజాడ ఏ అరలో ఉంటాడు?

వైద్యం మనకు దూరమనుకుంటే సాహిత్యం చూద్దాం. కోలన్ పద్ధతిలో సాహిత్యానికి అక్షరం ‘ఓ’. భాషల పట్టికలో ద్రావిడ భాషలు 3తో మొదలవుతాయి. తమిళం 31, తెలుగు 35. ప్రక్రియల్లో కవిత్వం 1, నాటకం 2, కథాసాహిత్యం 3. రచయితను పేరుతో కాకుండా పుట్టిన సంవత్సరంతో గుర్తిస్తారు. 1800లకు ‘ఎం’, 1900లకు ‘ఎన్’. గురజాడ అప్పారావు 1862లో పుట్టాడు. కాబట్టి నాటకకర్తగా గురజాడ సంఖ్య ఓ35,2ఎం62. ఆయన నాటకం మీద విమర్శ అయితే దీని చివర కోలన్, ‘జి’ చేరతాయి: ఓ35,2ఎం62:జి.

ఇందులోని అందం అర ముందు నిలబడితే తెలుస్తుంది. ‘కన్యాశుల్కం’ పక్కనే ‘కన్యాశుల్కం’ మీద వచ్చిన విమర్శ ఉంటుంది. మూలం ఒక గదిలో, విమర్శ ఇంకో గదిలో వెతుక్కునే పని లేదు. అంతకంటే గొప్ప సంగతి, రచయితలు అకారాది క్రమంలో కాకుండా తరాల వరసలో నిలబడతారు. 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగం ముందు, 1862 గురజాడ తర్వాత. కవిత్వం అరలో 1897 కృష్ణశాస్త్రి, ఆ తర్వాత 1910 శ్రీశ్రీ. ఎడమ నుంచి కుడికి నడిచినవాడు సాహిత్య చరిత్రలో నడిచినట్టే. పాఠం చెప్పే పంతులు లేకపోయినా అర ఆ పని చేస్తుంది.

అదే చోట పద్ధతి బిగువూ, ఇరుకూ రెండూ కనిపిస్తాయి. విశ్వనాథ సత్యనారాయణ, గుర్రం జాషువా ఇద్దరూ 1895 సెప్టెంబరులో పుట్టినవాళ్ళే. కవిత్వంలో ఇద్దరికీ ఓ35,1ఎం95 వస్తుంది. ఎవరో ఒకరికి మరో గుర్తు చేర్చి విడదీయాలి. విశ్వనాథకు ఇంకో చిక్కు ఉంది. ‘రామాయణ కల్పవృక్షం’ కవిత్వం అరకు, ‘వేయిపడగలు’ నవలల అరకు పోతాయి. ఒకే మనిషి రెండు చోట్ల ఉంటాడు. మన సాహిత్యంలో ఒక్క ప్రక్రియకు కట్టుబడ్డ పెద్ద రచయితలు తక్కువ కాబట్టి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఇక వేమన సంగతి? పుట్టిన శతాబ్దం దగ్గరే పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. సంవత్సరమే ఆధారమైన పద్ధతి అక్కడ సొంతంగా నిలబడలేదు, గ్రంథపాలకుడు ఏదో ఒక నిర్ణయం తీసుకుని ముందుకు పోవాలి. ఏ పద్ధతికైనా మన ప్రాచీన కవులు పరీక్షే.

గొలుసు సూచి: కంటికి కనబడని శ్రమ

సంఖ్య ఎంత గొప్పగా కట్టినా, ఆ సంఖ్య తెలియని పాఠకుడికి ఏం లాభం? క్షయ గురించి చదవాలని వచ్చిన విద్యార్థికి ‘ఎల్,45;421’ తెలిసి ఉండదు, తెలియాల్సిన పని కూడా లేదు. అతని నోట వచ్చే మాట నుంచి ఈ సంఖ్యకు దారి వేయాలి. ఒకడు ‘క్షయ’ అంటాడు, ఒకడు ‘ఊపిరితిత్తులు’ అంటాడు, ఒకడు ‘ఎక్స్‌రే’ అంటాడు. ఎవరు ఎటు నుంచి వచ్చినా దారి దొరకాలి.

దీనికి మామూలుగా తట్టే ఉపాయం, మాటలను అన్ని రకాలుగా తిప్పి కార్డులు రాయడం. ఐదు మాటలుంటే 120 రకాలుగా తిప్పవచ్చు. ఒక్క విషయానికి 120 కార్డులు రాస్తే ఏ గ్రంథాలయం తట్టుకుంటుంది? లెక్కల మనిషి ఇక్కడ చేసిన పని చూడాలి. సంఖ్యలో ముక్కలు ఒకదానికొకటి గొలుసు లింకుల్లా ఉన్నాయి. ఆ గొలుసును తిరగేసి, ఒక్కో లింకు దగ్గర ఒక్కో కార్డు రాస్తే చాలు.

గురజాడ విమర్శనే తీసుకుంటే మొదటి కార్డు: విమర్శ, అప్పారావు, నాటకం, తెలుగు, సాహిత్యం. రెండోది: అప్పారావు, నాటకం, తెలుగు, సాహిత్యం. మూడోది: నాటకం, తెలుగు, సాహిత్యం. నాలుగోది: తెలుగు, సాహిత్యం. ఐదోది: సాహిత్యం. ప్రతి కార్డు మీదా ఆ లింకు వరకు వచ్చే సంఖ్య ఉంటుంది. అంతే, ఐదు కార్డులు. ‘నాటకం’ అని వచ్చినవాడు మూడో కార్డు పట్టుకుని తెలుగు నాటకం అర దగ్గరికి వెళ్తాడు, అక్కడ గురజాడ, ఆ పక్కనే విమర్శ వాడికి ఎలాగూ కనబడతాయి. కార్డులు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి అర అందుకుంటుంది. ఒకటి చేసిన పని రెండోది మళ్ళీ చేయదు.

ఇందులో ఇంకో పొదుపు ఉంది. ఈ కార్డులు చూపించేది విషయాన్ని, ఫలానా పుస్తకాన్ని కాదు. కాబట్టి అదే విషయం మీద రెండో పుస్తకం, పదో పుస్తకం వచ్చినా సూచిలో కొత్త కార్డు అక్కర్లేదు. సూచి తయారుచేసేవాడు కొత్తగా ఆలోచించాల్సింది కూడా పెద్దగా లేదు, సంఖ్య కట్టినప్పుడు పెట్టిన ఆలోచనే ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. లండన్‌లో 1950లో మొదలైన బ్రిటిష్ నేషనల్ బిబ్లియోగ్రఫీ తన విషయ సూచికి ఈ గొలుసు పద్ధతినే తీసుకుని, రెండు దశాబ్దాల పాటు నడిపింది. వాళ్ళు పుస్తకాలను వరసపెట్టింది డ్యూయీ పద్ధతిలో, దారి వేసింది మాత్రం మద్రాసులో పుట్టిన పద్ధతిలో.

ఇలాంటి చిన్న చిన్న ఉపాయాలు ఆ పద్ధతి నిండా ఉన్నాయి. పది అంకెల వరస నిండిపోతే పదకొండో విషయాన్ని ఏం చేయాలి? 9ని దేనికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేశారు. 1 నుంచి 8 దాకా అయిపోతే 91 నుంచి 98, ఆ తర్వాత 991 నుంచి 998. వరస ఎప్పటికీ నిండదు, చివర వచ్చినవాడికి కూడా మొదటివాడితో సమానమైన హోదా. ‘ఇంజనీర్లకు గణితం’ లాంటి పుస్తకం వస్తే? గణితం అక్షరానికి, ఇంజనీరింగ్ అక్షరానికి మధ్య ఒక సున్నా, ఒక చిన్నక్షరం. ఎవరి కోసం రాసింది, ఏది దేని మీద ప్రభావం చూపింది, దేన్ని దేనితో పోల్చింది అనే సంబంధాలకు వేర్వేరు చిన్నక్షరాలు. రెండు శాస్త్రాల మధ్య ఉన్న బంధుత్వం ఏ రకమో కూడా పుస్తకం మీద రాసి ఉంటుందన్నమాట.

తలుపులు తెరిచిన హాలు

ఈ లెక్కంతా అర ముందు నిలబడే మనిషి కోసం. 1928లో ఆయన మనసులో రూపుకట్టి 1931లో పుస్తకంగా వచ్చిన ఐదు సూత్రాలు ఈ సంగతే చెబుతాయి. పుస్తకం ఉన్నది వాడుకోవడానికి. ప్రతి పాఠకుడికీ అతనికి కావలసింది అందాలి. ప్రతి పుస్తకానికీ దాన్ని కోరేవాడు దొరకాలి. పాఠకుడి సమయం ఆదా కావాలి. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి. వినడానికి ఇంతేనా అనిపిస్తాయి. మొదటి సూత్రం కింద ఆయన చెప్పిన ఒక కథ ఉంది. హార్వర్డ్ గ్రంథపాలకుడు ఒకాయన సంతోషంగా బయటికి వస్తూ ఎదురైనవాడితో అన్నాడట, పుస్తకాలన్నీ లోపల భద్రంగా ఉన్నాయి, రెండే బయట ఉన్నాయి, అవి ఫలానా ప్రొఫెసర్ దగ్గరున్నాయి, ఇప్పుడు వాటిని తేవడానికే వెళ్తున్నాను అని. ఈ మనస్తత్వం మన కాలేజీల్లో ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

రంగనాథన్ మద్రాసులో ఈ సూత్రాల్లో ఒక్కోదానికి చెక్కలో, ఇటుకలో రూపమిచ్చారు. పాఠకులను అరల మధ్యకు రానిచ్చారు. చీటీ రాసి కౌంటర్లో ఇచ్చి, ఎప్పుడొస్తుందో తెలియని పుస్తకం కోసం కూర్చునే పద్ధతికి స్వస్తి చెప్పారు. అరలు ఎంత ఎత్తుండాలి? నేల మీద నిలబడ్డ సగటు మనిషి చేయి ఎంత ఎత్తుకు అందుతుందో అంత. నిచ్చెన ఎక్కాల్సి వస్తే పై అరలోని పుస్తకానికి పాఠకుడు లేనట్టే అని ఆయన వాదన. పాఠకుడితో మాట్లాడి, అతనికి కావలసిందేమిటో కనుక్కుని చూపించే రెఫరెన్సు సిబ్బంది కావాలని పట్టుబట్టారు. 1936లో మెరీనా ఎదుట చేపాక్‌లో విశ్వవిద్యాలయ గ్రంథాలయం సొంత భవనంలోకి మారింది.

అర వరసకు ఆయన పెట్టుకున్న పరీక్ష ఒకటి చెప్పుకోదగ్గది. గ్రహణం పాఠంలో ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ అని చదువుకుంటాం. పాఠకుడు కోరిన విషయం నడిమి చిక్కటి నీడ. దానికి రెండు పక్కలా దగ్గర సంబంధమున్న విషయాల పలచని నీడ ఉండాలి. సంబంధం లేనివి అంతకు దూరంగా పోవాలి. వరి తెగుళ్ళ మీద పుస్తకం కోసం వెళ్ళినవాడికి ఒక పక్క వరి సాగు, ఇంకో పక్క వరికి సంబంధించిన మరో పని కనబడాలి. తాను అడగడం చేతకాని పుస్తకం కూడా చేతికి తగలాలి. ఏ పేరుతో వెతకాలో తెలియని విద్యార్థికి ఇంతకంటే మేలు చేసే సదుపాయం మరొకటి లేదు.

1945లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్ళాక అక్కడి లక్ష పుస్తకాలకు పైగా ఆయన స్వయంగా వర్గీకరించారు. తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బోధన. 1962లో బెంగళూరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కింద డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ ఆయన సారథ్యంలో మొదలైంది. 1972లో కన్నుమూసేదాకా ఆ పద్ధతికి మెరుగులు దిద్దుతూనే ఉన్నారు.

ఆ మెరుగులే ఆయన పద్ధతికి చేటు కూడా చేశాయి. కూర్పు మారినప్పుడల్లా సంఖ్యలు మారాయి. ఒక కూర్పు ప్రకారం వెన్ను మీద అంకెలు రాసుకున్న గ్రంథాలయం, కొత్త కూర్పు వచ్చాక లక్ష పుస్తకాల అంకెలు చెరిపి మళ్ళీ రాయాలా? ఏడో కూర్పు ఆయన పోయాక, 1987లో ఎం. ఏ. గోపీనాథ్ సంపాదకత్వంలో వచ్చింది. అప్పటికే చాలామంది డ్యూయీ దగ్గర స్థిరపడిపోయారు. సంఖ్యల పొడవు ఇంకో అడ్డంకి. సన్నటి పుస్తకం వెన్ను మీద ఎల్,45;421:6;253 రాయడానికి చోటే ఉండదు. వ్యక్తిత్వం అనే వర్గం అసలేమిటో నిర్వచించలేకపోవడం మీద విమర్శకులు పెట్టిన అభ్యంతరమూ న్యాయమైనదే. మిగతా నాలుగూ కానిది వ్యక్తిత్వం అని చెప్పడంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అయినా ఆయన మూల ఆలోచన ఓడిపోలేదు. 1952లో లండన్‌లో ఏర్పడ్డ వర్గీకరణ పరిశోధన బృందం విషయాన్ని పార్శ్వాలుగా విడగొట్టే ఈ విద్యను పట్టుకుని ముందుకు తీసుకుపోయింది. ఇవాళ ఫోన్లో చీర కొనేటప్పుడు రంగు, బట్ట, ధర, ఊరు అని పక్కన గళ్ళు వస్తాయి కదా, ఒక్కో గడి టిక్కు పెడితే జాబితా చిక్కబడుతుంది కదా, ఆ పని వెనక ఉన్న ఆలోచన ఇదే. వస్తువును ఒకే గూట్లో పెట్టకుండా దాని పార్శ్వాలన్నీ విడివిడిగా రాసిపెట్టుకుంటే, ఎవరికి కావలసిన దారిలో వాళ్ళు రావచ్చు.

మన కాలేజీల సంగతి

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలతో పరిశోధన గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో సమర్పించడం తప్పనిసరి చేసింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశమంతటి సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతున్నాయి. బీరువా తాళం తీసిన మాట నిజం. తెలుగు పరిశోధన గ్రంథాల పేర్లు చూడండి: ‘ఫలానావారి నవలలు - ఒక పరిశీలన’. ఏ కోణంలో పరిశీలన? ఏ కాలం? ఏ ప్రాంతం? పేరు చెప్పదు, విషయ పదాల గళ్ళలో ‘తెలుగు’, ‘నవల’, ‘సాహిత్యం’ అని మూడు మాటలు రాసి ఊరుకుంటే వెతికేవాడికి ఏమీ తేలదు. ఫైలు ఎక్కింది, దారి పడలేదు. రంగనాథన్ తొంభై ఏళ్ళ కిందట కార్డుల మీద చేసిన పనిని కంప్యూటరు దానంతట అది చేయదు. ఆ ఆలోచన మనిషే పెట్టాలి.

అది కష్టమైన పని కూడా కాదు. పరిశోధన పూర్తిచేసిన విద్యార్థి తన పని గురించి ఐదు ప్రశ్నలకు ఐదు మాటలు రాస్తే చాలు: నేను పట్టుకున్న వస్తువు ఏది, అది దేనితో అయింది, దాని మీద నేను చేసిన పని ఏమిటి, ఎక్కడిది, ఎప్పటిది. పర్యవేక్షకుడు సంతకం పెట్టేముందు ఆ ఐదు మాటలు సరిచూడాలి. గ్రంథపాలకుడు వాటిని ఒకే రకం పదాల్లోకి తేవాలి. డిగ్రీ కాలేజీల్లో ఏటా మూలకు చేరే ప్రాజెక్టు రిపోర్టులకు కూడా ఇదే చేస్తే, మన జిల్లాల చెరువులు, చేనేత, పంటలు, యాసల మీద పిల్లలు పోగుచేసిన సమాచారం తర్వాతి ఏడాది పిల్లలకు అందుతుంది. ఏటా మొదటి నుంచి మొదలుపెట్టే దుస్థితి తప్పుతుంది.

రంగనాథన్ తాను దాచుకున్న సొమ్ములోంచి లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద పేర గ్రంథాలయ శాస్త్రంలో ఆచార్య పీఠం ఏర్పాటు చేయించారు. మన కాలేజీల యాజమాన్యాలు అంత ఇవ్వనక్కర్లేదు. ఖాళీగా ఉన్న గ్రంథపాలకుల పోస్టులు నింపి, వాళ్ళను రిజిస్టర్ల కాపలా నుంచి తప్పించి, పాఠకుల మధ్య కూర్చోబెట్టాలి. ఈ విద్యాసంవత్సరంలోనే ఆ పని మొదలుపెట్టమని అధ్యాపకులు, విద్యార్థులు గట్టిగా అడగాలి.